కారు తాళం పోతే ఏం చేయాలి: కొత్తది చేయించుకోవడం, పాతదాన్ని పనికిరాకుండా చేయడం

కారు తాళం కనిపించకపోతే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. బయల్దేరిన పని ఆగిపోతుంది. ఆ టెన్షన్‌లో దొరికిన మొదటి నంబర్‌కు ఫోన్ చేసి, అవతలివాళ్లు అడిగినంత ఇచ్చి, ఏదో ఒక తాళం చేయించుకుని హమ్మయ్య అనుకుంటాం. సగం పని అక్కడే మిగిలిపోతుంది. ఇప్పుడు తిరుగుతున్న కార్లలో చాలావాటికి తమ తాళాలు ఏవేవో గుర్తుంటాయి. పోయిన తాళం కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. మీరు పనిగట్టుకుని తీయించేదాకా ఉంటూనే ఉంటుంది. అది ఎవరి చేతికి చిక్కితే వాళ్లకు మీ కారు ఎప్పటిలాగే తలుపు తీస్తుంది, స్టార్ట్ అవుతుంది.

కాబట్టి చేయాల్సిన పనులు రెండు. కొత్త తాళాన్ని కారుకు పరిచయం చేయాలి, పోయినదాన్ని కారు మర్చిపోయేలా చేయాలి. రెండోది అడిగితేనే చేస్తారు, అందుకే దాన్ని ఇంత నొక్కి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు

కారులో పసిబిడ్డో పెంపుడు జంతువో ఉండగా తలుపులు లాక్ అయిపోతే మిగతాదేదీ ఆలోచించకండి. వెంటనే అత్యవసర సేవలకు ఫోన్ చేయండి. ఎండలో నిలిపిన కారు లోపల నిమిషాల్లోనే ప్రాణం మీదికి వచ్చేంత వేడి పుడుతుంది. సాయం రావడం ఆలస్యమయ్యేలా ఉంటే, లోపల ఉన్నవాళ్లకు దూరంగా ఉండే అద్దాన్ని పగలగొట్టండి. అద్దం మళ్లీ వేయించుకోవచ్చు.

అలాంటి ప్రమాదమేమీ లేకపోతే నిదానంగా వెతకండి. మీది బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కారైతే వెతకడానికి కారే సాయం చేస్తుంది. అనుమానం ఉన్న బ్యాగులూ కోట్లూ ఒక్కొక్కటే తీసుకుని డ్రైవర్ తలుపు దగ్గరికి వెళ్లండి. హ్యాండిల్ మీది బటన్ నొక్కండి. ఈ రకం తాళం తలుపుకు సుమారు ఒకటి, ఒకటిన్నర మీటర్ల లోపల ఉంటేనే పనిచేస్తుంది. తలుపు తెరుచుకుందంటే తాళం మీ చేతిలోని బ్యాగులోనే, ఏ చిరిగిన లైనింగ్ వెనకో ఉందన్నమాట. బ్యాగు పక్కన పెట్టేసినా తెరుచుకుంటుంటే కారు లోపలే, సీటు పట్టాల మధ్య చూడండి.

కారు కంపెనీ యాప్ మీ ఫోన్‌లో ఉంటే దాంతో తలుపులు తీయొచ్చు. లోపలి సామాను తీసుకోవడానికి అది చాలు, కానీ చాలా కార్లలో తాళం లేకుండా నడపడం మాత్రం కుదరదు.

తాళం పడిపోవడం వేరు, ఎవరైనా తీసుకెళ్లడం వేరు. బ్యాగుతో సహా పోయి, ఆ బ్యాగులో మీ చిరునామా ఉన్న కాగితం ఏదైనా ఉంటే కారు ఎక్కడ ఉంటుందో కూడా వాళ్లకు చెప్పినట్టే. అలాంటప్పుడు పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, బీమా కంపెనీకి చెప్పండి, రెండో తాళం ఉంటే ఆ రాత్రికే కారును వేరేచోట పెట్టండి. రెండో తాళం లేకపోతే చక్రానికి బయటినుంచి వేసే క్లాంపైనా బిగించండి, లేదా కారు కదలడానికి వీల్లేకుండా ఇంకో బండి అడ్డం పెట్టండి.

మీ తాళం ఏ రకమో తెలుసుకోండి

ఖర్చు, సమయం, ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నవన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

ఉత్త ఇనుప తాళం పాత కార్లకు ఉంటుంది. మిషన్ మీద కోయించుకుంటే పని అయిపోతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆ తర్వాతది చిప్ ఉన్న తాళం. చూడ్డానికి మామూలు తాళంలాగే ఉంటుంది, కాకపోతే తలకాయ దగ్గర ప్లాస్టిక్ కాస్త మందంగా ఉంటుంది. ఆ ప్లాస్టిక్ విప్పితే లోపల బియ్యపు గింజను పోలిన చిన్న గాజు గొట్టమో, చిన్న నల్లటి ముక్కో కనిపిస్తుంది. అదే చిప్. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది, తాళం తిప్పగానే అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర్లో చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. చిప్‌కు కావలసిన కరెంటు దాంట్లోంచే వస్తుంది. ఆ కరెంటుతోనే చిప్ కారుకు జవాబు చెబుతుంది.

మొదటి రోజుల్లో ఆ జవాబు ఎప్పుడూ ఒకటే నంబర్. ఒకసారి వింటే కాపీ కొట్టేయొచ్చు. తర్వాత పద్ధతి మారింది. కారు ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంఖ్య పంపుతుంది. చిప్ తన దగ్గరున్న రహస్య సంఖ్యతో దాన్ని లెక్కగట్టి ఫలితం తిరిగి పంపుతుంది. కారు కూడా అదే లెక్క వేసుకుంటుంది. రెండూ సరిపోతేనే ఇంజన్‌కు ఇంధనం, నిప్పురవ్వ అందుతాయి. రహస్య సంఖ్య మాత్రం ఎప్పుడూ గాల్లోకి రాదు, కాబట్టి పక్కన నిలబడి విన్నవాడికి పనికొచ్చేదేమీ దొరకదు. ఈ మొత్తం ఏర్పాటు పేరే ఇమ్మొబిలైజర్. బ్రిటన్‌లో 1998 నుంచి, ఆస్ట్రేలియాలో 2001 నుంచి, కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి.

ఇది ఎంత పనికొస్తుందో తెలియాలంటే ఇది లేనిచోట ఏం జరిగిందో చూడాలి. అమెరికాలో అలాంటి నిబంధన లేదు. అక్కడ 2015 మోడల్ హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే ఇమ్మొబిలైజర్ ఉండగా, మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఉంది. ఆ లోపాన్ని ఎలా వాడుకోవాలో చూపించే వీడియోలు 2021, 2022 సంవత్సరాల్లో సోషల్ మీడియాలో పాకిపోయాక ఆ రెండు కంపెనీల కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. చివరికి కంపెనీలు 2023లో సాఫ్ట్‌వేర్ మార్పు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

అలాగని చిప్ ఉంటే చాలు, ఇక భయం లేదనీ అనుకోకూడదు. రహస్య సంఖ్య చిన్నదైతే కంప్యూటర్‌తో వెతికి పట్టుకోవచ్చు. 40 బిట్ల సంఖ్య వాడిన ఒక రకం చిప్‌ను 2005లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ, ఆర్ఎస్ఏ ల్యాబొరేటరీస్ పరిశోధకులు ఛేదించి చూపించారు. తర్వాత వచ్చిన చిప్‌లలో సంఖ్యలు పొడవయ్యాయి.

తాళం మీద లాక్, అన్‌లాక్ బటన్లుంటే అందులో చిప్‌తోపాటు రిమోట్ కూడా ఉన్నట్టు. రెండూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నా దేని పని దానిదే. రిమోట్ బ్యాటరీతో, దేశాన్నిబట్టి 315 లేదా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పంపుతుంది. కాబట్టి బ్యాటరీ అయిపోతే బటన్లు మాత్రమే పనిచేయవు, తాళం పెట్టి తిప్పితే కారు స్టార్ట్ అవుతుంది. డూప్లికేట్ చేయించేటప్పుడు కూడా ఈ రెంటినీ విడివిడిగా ప్రోగ్రామ్ చేయాల్సిన కార్లు చాలా ఉన్నాయి. తలుపు తెరుచుకుంది కదా అని ఇంటికొచ్చేసి, తర్వాత స్టార్ట్ కాక ఇబ్బంది పడేది ఇందుకే.

ఇక జేబులోంచి తీయక్కర్లేని స్మార్ట్ కీ. దీనికి ముందుగా కారే సన్నని సిగ్నల్‌తో పిలుపు పంపుతుంది, తాళం అది విని రేడియోలో జవాబిస్తుంది. దీని బ్యాటరీ పూర్తిగా అయిపోయినా దారి ఉంది. వెనకవైపు చిన్న మీట ఉంటుంది. దాన్ని పక్కకు జరిపి లాగితే లోపలినుంచి సన్నటి ఇనుప తాళం బయటికొస్తుంది. డ్రైవర్ తలుపు హ్యాండిల్ దగ్గర దానికి రంధ్రం ఉంటుంది. కొన్ని కార్లలో అది ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది, మూత కిందిభాగంలో ఉన్న చిన్న సందులో ఆ తాళం కొననే పెట్టి పైకి లేపితే ఊడొస్తుంది. లోపలికి వెళ్లాక స్మార్ట్ కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుని బ్రేక్ తొక్కి నొక్కండి. కొన్ని కార్లలో కప్ హోల్డర్లోనో, స్టీరింగ్ పక్కనో దానికి చోటు ఉంటుంది. ఎక్కడన్నది కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. తాళం పాడైపోయిందని కొత్తది ఆర్డర్ పెట్టేముందు సీఆర్2032 లాంటి బిళ్ల బ్యాటరీ ఒకటి మార్చి చూడండి, ఎన్నోసార్లు సమస్య అంతే.

ఫోన్‌తోనో కార్డుతోనో తెరుచుకునే కార్లకు ఈ తిప్పలు తక్కువ. పోయిన కార్డునో ఫోన్‌నో కారు తెరమీదనుంచో, మీ ఖాతాలోనుంచో తీసేస్తే చాలు.

ఒకటి పోయిందా, అన్నీ పోయాయా

ఈ రెంటికీ మధ్య తేడా చాలా పెద్దది. చేతిలో ఒక్క తాళమైనా పనిచేస్తుంటే కారు దాన్ని సాక్షిగా తీసుకుని కొత్తదాన్ని ఒప్పుకుంటుంది. ఇనుప భాగాన్ని దాన్ని చూసి కోయొచ్చు. కారును మీరే నడుపుకుంటూ తీసుకెళ్లొచ్చు.

అన్నీ పోతే ముందు కారును లాగించుకెళ్లాలి, లేదా మిషన్‌తో మనిషే రావాలి. ఇనుప తాళం కోతలు ఎలా ఉండాలో కంపెనీ దగ్గరున్న కోడ్ నుంచి తెప్పించాలి, లేదా తలుపు తాళం లోపలి పలకలను పరికరంతో చదివి తెలుసుకోవాలి. ఆ తర్వాత ఇమ్మొబిలైజర్ లోపలికి వెళ్లడానికి చాలా కార్లకు ప్రత్యేకమైన పిన్ కావాలి. కొన్ని కార్లు దొంగలకు పని తేలిక కాకూడదని కావాలనే పదేసి నిమిషాలు ఆపి ఉంచుతాయి. ఫోర్డ్ కార్లు చాలావాటిలో అన్నీ పోయినప్పుడు కనీసం రెండు తాళాలు ప్రోగ్రామ్ చేస్తేగానీ ఇంజన్ కదలదు. కొన్ని కార్లలోనైతే డ్యాష్‌బోర్డు విప్పి బోర్డు మీది మెమొరీ చదవాల్సి వస్తుంది, మరికొన్నిటిలో ఇమ్మొబిలైజర్ యూనిట్టే మార్చాల్సి వస్తుంది.

మీ దగ్గర ఒక్క తాళమే మిగిలి ఉంటే ఈ వారమే రెండోది చేయించుకోండి. వాయిదా వేసినకొద్దీ పోయేది డబ్బే.

కాగితాలు సిద్ధం చేసుకోండి

రిజిస్ట్రేషన్ పత్రం, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, 17 అక్షరాల ఛాసిస్ నంబర్, తయారైన సంవత్సరం, మోడల్ పేరు. ఛాసిస్ నంబర్ చాలా కార్లలో ముందు అద్దం కింద మూలలో బయటినుంచే కనిపిస్తుంది. కారు కొన్నప్పుడు తాళాలతోపాటు చిన్న రేకు ముక్కమీదనో కార్డుమీదనో ఇచ్చిన కీ నంబర్ దొరికితే ఇంకా మంచిది, పని బాగా తగ్గుతుంది. కారు వేరేవాళ్ల పేరున ఉంటే వాళ్లు రావాల్సి ఉంటుంది, కనీసం రాతపూర్వకంగా అనుమతైనా ఇవ్వాలి. ఈ కాగితాలేవీ అడగకుండానే తాళం చేసిచ్చేస్తానన్న మనిషిని నమ్మకండి. మీకు చేసిచ్చినట్టే మీ కారుకు ఇంకొకరికీ చేసిస్తాడు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

కంపెనీ షోరూమ్ అయితే సరైన తాళమే వస్తుంది, పిన్ సమస్య ఉండదు. కాకపోతే ఖర్చు ఎక్కువ, తాళం తెప్పించడానికి రోజులు పట్టొచ్చు. కార్ల తాళాల మీదే పనిచేసే నిపుణుడైతే కారు ఉన్నచోటికే వస్తాడు, చాలాసార్లు అదేరోజు పని ముగుస్తుంది. నా లెక్కలో మామూలు చిప్ తాళాలకు మంచి నిపుణుడు చాలు. కొత్త మోడల్ స్మార్ట్ కీ అయితే, అందులోనూ వారంటీ ఇంకా ఉంటే, షోరూమే మేలు.

నిపుణుణ్ని పిలిచేముందు ఫోన్‌లోనే కొన్ని సంగతులు తేల్చుకోండి. నా కారు మోడల్‌కు, అది తయారైన సంవత్సరానికి ఇంతకుముందు చేశారా? మొత్తం ఎంత: తాళం, కోత, ప్రోగ్రామింగ్, రాకపోకలు అన్నీ కలిపి? పోయిన తాళాన్ని మెమొరీలోంచి తీసేస్తారా? పని కాకపోతే ఎంత తీసుకుంటారు? ఆ జవాబులు మెసేజ్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చాలా తక్కువ చెప్పి, వచ్చాక తాళానికి డ్రిల్ పెట్టాల్సిందే అంటూ రేటు పెంచేవాళ్లున్నారు. కారు తలుపు తీయడానికి పని తెలిసినవాళ్లు డ్రిల్ తీయరు.

ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతోందని వాడిన స్మార్ట్ కీ కొనకండి. చాలా స్మార్ట్ కీలు ఒక కారుకు ప్రోగ్రామ్ అయ్యాక ఇంకో కారుకు పనికిరావు. కొత్తదైనా సరే, పార్ట్ నంబర్, ఫ్రీక్వెన్సీ, చిప్ రకం మూడూ సరిపోవాలి. పైకి ఒకేలా కనిపించడం చాలదు. ముందు ప్రోగ్రామ్ చేసే మనిషికి చూపించి, సరేనంటేనే కొనండి.

ప్రోగ్రామింగ్ రోజున

మీ దగ్గరున్న తాళాలన్నీ తీసుకెళ్లండి, ఇంట్లో బీరువాలో ఉన్నదాంతో సహా. ఎందుకో కింద చెబుతాను. కారు బ్యాటరీ బలహీనంగా ఉంటే ముందే చెప్పండి. ప్రోగ్రామింగ్ మధ్యలో వోల్టేజ్ పడిపోతే కంట్రోల్ యూనిట్ పాడయ్యే ప్రమాదం ఉంది, జాగ్రత్త తెలిసినవాళ్లు ఛార్జర్ తగిలించే పని మొదలుపెడతారు.

స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, కారు కంప్యూటర్‌తో మాట్లాడే ద్వారం అన్నమాట, దానికి మిషన్ కలుపుతారు. తెరమీద కారు గుర్తుంచుకున్న తాళాల సంఖ్య కనబడే కార్లు చాలా ఉన్నాయి. దాన్ని మీరూ చూడండి. మీకు తెలిసినవి రెండైతే, అక్కడ మూడని ఉంటే, ఆ మూడోది ఎవరి దగ్గరుందో ఆలోచించాలి.

పోయిన తాళాన్ని ఒక్కదాన్నే వేరుగా తీసేసే వీలు చాలా కార్లలో ఉండదు. అన్నిటినీ చెరిపేసి, చేతిలో ఉన్నవాటిని మళ్లీ ఒక్కొక్కటిగా చేరుస్తారు. బీరువాలోది కూడా తెమ్మన్నది అందుకే. ఆ సమయంలో అక్కడ లేని తాళం ఏదైనా సరే, ఆ తర్వాత ఇంజన్‌ను స్టార్ట్ చేయలేదు.

డబ్బు ఇచ్చేముందు ప్రతి తాళంతోనూ విడివిడిగా పరీక్షించండి. మిగతా తాళాలను కారుకు పది అడుగుల దూరంలో ఎవరి చేతికైనా ఇచ్చి ఉంచండి. దగ్గరుంటే కారు దేన్ని చూసి స్టార్ట్ అయిందో తెలియదు. లాక్, అన్‌లాక్, డిక్కీ బటన్లు నొక్కండి. స్టార్ట్ చేసి కనీసం ఒక నిమిషం నడవనివ్వండి. కొన్ని కార్లలో ఇమ్మొబిలైజర్ ఒప్పుకోకపోయినా ఇంజన్ ఒకటి రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తో, తాళం వేసిన కారు బొమ్మో మిణుకుమిణుకుమంటూ ఉంటే పని పూర్తికానట్టే. చివరగా ఇనుప తాళాన్ని డ్రైవర్ తలుపులో పెట్టి తిప్పండి, ఇది చాలామంది మర్చిపోతారు. కారు బ్యాటరీ చచ్చిపోయిన రోజున తలుపు తెరిచేది అదొక్కటే.

ఇంకో మాట. మెమొరీలోంచి తీసేసినా, పోయిన తాళంలోని ఇనుప ముక్క మీ తలుపును ఇంకా తెరవగలదు. స్టార్ట్ చేయలేరు, కానీ లోపలి సామాను తీసుకుపోవచ్చు. తాళం దొంగతనమైందని మీకు గట్టిగా అనిపిస్తే తలుపు తాళం సిలిండర్ మార్పించండి, లేదా లోపలి పలకలు మార్పించి కొత్త కోతకు సరిచేయించండి. ఎక్కడో ఊరు కాని ఊళ్లో పడిపోయిందనుకుంటే ఆ ఖర్చు అవసరం లేదు.

చేతిలో ఉన్న తాళాన్ని కాపాడుకోవడం

స్మార్ట్ కీకి ఒక బలహీనత ఉంది. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ఎనిమిది కంపెనీల పది కార్ల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక పరికరం కారు దగ్గర, ఇంకొకటి తాళం ఉన్నచోటికి దగ్గర. కారు పంపే పిలుపును మొదటిది పట్టి రెండోదానికి చేరవేస్తుంది, అది తాళానికి వినిపిస్తుంది. తాళం పక్కనే కారు ఉందనుకుని జవాబిస్తుంది. కోడ్‌ను ఛేదించాల్సిన పనే లేదు, దూరాన్ని మోసం చేస్తే చాలు. పది కార్లూ ఆ మోసానికి లొంగిపోయాయి.

దీనికి సరైన విరుగుడు సిగ్నల్ వచ్చి వెళ్లడానికి పట్టే కాలాన్ని కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు. దూరం ఎక్కువైతే కాలం పెరుగుతుంది, దాన్ని దాచడం కుదరదు. కొత్త ఖరీదైన కార్లలో ఇవి వస్తున్నాయి. మీ కారులో లేకపోతే తాళాన్ని వీధి తలుపు పక్కన కొక్కేనికి తగిలించకండి, ఇంటి లోపలి గదిలో సిగ్నల్ ఆపే సంచిలో పెట్టండి. సంచి పనిచేస్తోందో లేదో పరీక్షించడం తేలిక: తాళాన్ని అందులో పెట్టి కారు పక్కన నిలబడి హ్యాండిల్ బటన్ నొక్కండి. తెరుచుకుంటే ఆ సంచి దండగ. కొన్ని తాళాల్లో కదలిక లేకపోతే నిద్రపోయే ఏర్పాటు ఉంటుంది, మీదానిలో ఉందేమో పుస్తకంలో చూడండి.

హెడ్‌లైట్ వెనక వైర్ల ద్వారా కారు లోపలి నెట్‌వర్క్‌లోకి దొంగ సందేశాలు పంపి తీసుకెళ్లే పద్ధతి కూడా ఈ మధ్య బయటపడింది. అందులో తాళంతో పనే లేదు, సంచి కూడా కాపాడదు. అక్కడ అడ్డుపడేది స్టీరింగ్‌కు బిగించే ఇనుప కడ్డీ. పాతకాలం వస్తువని తీసిపారేయకండి.

తాళం ఫొటో ఎక్కడా పెట్టకండి, కొత్త కారు కొన్న సంబరంలోనైనా సరే. ఫొటోలోంచి కోతల లోతులు లెక్కగట్టి తాళం చేయవచ్చని శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 2008లోనే చూపించారు. కీ నంబర్ రాసి ఉన్న రేకును తాళాల గుత్తికే ఉంచేయడం కూడా మంచిది కాదు. నంబర్ ఇంట్లో కాగితాల్లో రాసుకుని రేకును విడిగా దాచండి.

వాడిన కారు కొంటుంటే, ఇస్తున్న తాళాలు ఎన్నో అడగడంతో ఆగకండి. కొన్న వారంలోపే మెమొరీలో ఎన్ని ఉన్నాయో చూపించి, అన్నీ చెరిపించి, మీ చేతిలో ఉన్నవి మాత్రమే మళ్లీ చేర్పించుకోండి. యాప్ ఖాతాలోంచి పాత యజమాని పేరు తీయించడం కూడా అదేరోజు చేయండి. తాళాలు చెరిపేసినా, ఆ ఖాతా ఉన్నంతకాలం అతని ఫోన్ మీ కారు తలుపులు తీయగలదు.